మామ గొంతుకు మూత

మా చెల్లెలి కూతురికి ఐదో ఏడు నడుస్తున్నా తల మీద అప్పటిదాకా కత్తెర పడలేదు. పెళ్లయిన పదకొండేళ్లకు పుట్టిన బిడ్డ. కడుపులో ఉండగానే మా చెల్లెలు కొండకు మొక్కుకుంది. ఐదో ఏట పుట్టువెంట్రుకలు స్వామికి ఇస్తామని, అదీ అన్న ఒళ్లో కూర్చోబెట్టి తీయిస్తామని. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టడం మా వైపు అందరూ చేసేదే, దానికి వేరే మొక్కు అక్కర్లేదు. కానీ భయంలో ఉన్న మనిషి మొక్కుకునేటప్పుడు ఏదీ వదిలిపెట్టదు గదా. అట్లా నా ఒడి కూడా మొక్కులో చేరిపోయింది. ఆమెకు తోడబుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే.

నేను తిరుచానూరులో ఒక లాడ్జి రిసెప్షన్‌లో కూర్చుంటాను. ఇరవై ఏళ్లుగా నా పని తాళాలివ్వడం, తాళాలు తీసుకోవడం, ఆ రెంటికీ మధ్య కథలు చెప్పడం. బస్సు వచ్చేదాకా యాత్రికులకు పొద్దు పోవాలి. అలిపిరి మెట్ల దారిలో నాకు చిరుత ఎదురైందని, నేను దానికి ఒక కథ మొదలుపెట్టి మంచి పట్టులో ఆపేసి, మిగిలింది రేపు చెబుతానని తప్పించుకుని వచ్చేశానని చెబుతాను. అది ఇప్పటికీ ఏడో మైలు దగ్గర నా కోసం కాచుకుని ఉందని, అందుకే నేను కొండకు బస్సులోనే పోతానని ముగిస్తాను. మోకాళ్ల నొప్పి అని చెబితే ఎవరు వింటారు?

మా ఆవిడ మాత్రం నా నోరు జీతం లేకుండా రెండు ఉద్యోగాలు చేస్తుందని అంటూ ఉంటుంది.

చెల్లెలి కూతురు, అంటే మా పాప, నా కథలకు పుట్టుకతోనే అలవాటు పడింది. వాళ్లది చిత్తూరు. రోజూ సాయంత్రం అన్నం తినేటప్పుడు ఫోన్ స్పీకర్లో పెట్టి కంచం పక్కన ఉంచితే, నేను తిరుచానూరు నుంచి కథ చెప్పేవాణ్ణి. అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది సీసాల ముసలాయన కథ. అది నా సొంతం కాదు. ఎక్కడో చలిదేశంలో ఎవరో మహానుభావుడు పిల్లల కోసం రాసింది, మా తాతల కాలం నుంచి ఉన్నది. చిన్నప్పుడు చిత్తూరు లైబ్రరీలో అట్ట ఊడిన తెలుగు పుస్తకంలో చదివాను. ఒక ముసలాయన తోపుడుబండి నిండా ఖాళీ గాజు సీసాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతాడు. పిల్లలను పేరు పెట్టి పిలుస్తాడు. ‘ఊఁ’ అని పలికారో, ఆ పలుకు సీసాలో పడుతుంది. వెంటనే మూత బిగిస్తాడు. ఇక ఆ బిడ్డకు జన్మలో మాట రాదు. ఒక చిన్నపిల్ల తన అక్క గొంతు తెచ్చుకోవడానికి మంచు కొండలు దాటి ఆయన ఇంటికి పోతుంది. అదీ కథ.

నేను మంచు కొండలను తీసి పారేసి శేషాచలం పెట్టాను. నా ముసలాయన పాపం అమాయకుడు. రాగిసంకటి రెండు ముద్దలు ఎక్కువ తిని బండి కిందే నిద్రపోతాడు. ఆయన గురక ఆయన సీసాలోనే పడి మూత బిగుసుకుపోతుంది. లేచి చూసుకుంటే గురక కనబడదు, ఊరంతా వెతుక్కుంటాడు. ఆ చోటుకు వచ్చేసరికి పాప నోట్లో అన్నం బయటికి వచ్చేలా నవ్వేది. మా చెల్లెలు నన్ను తిట్టేది.

ఆ కథను బొమ్మల సినిమాగా తీశారని, తెలుగులో కూడా వస్తోందని తెలిసినప్పుడు నేను చిత్తూరులోనే ఉన్నాను. మా బావ, అంటే చెల్లెలి మొగుడు, ఫోన్లో ట్రైలర్ పెట్టాడు. అందులో ముసలాయన మొహం చూపించలేదు. బండి చక్రం, వరసగా సీసాలు, ఆ వెనక గొంతు. ఆ గొంతు వినగానే మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సినిమాల్లో కత్తి పట్టినవాడికి మా సీమ మాట పెట్టడం తెలుగువాళ్లకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటే. దీన్ని తెలుగు చేసినవాళ్లూ అదే చేశారు. ఆ పిల్లా, ఆ అక్కా, వాళ్లకు తోడొచ్చే కాకీ వార్తలు చదివినట్టు మాట్లాడుతుంటే, సీసాల ముసలాయన ఒక్కడే మా వీధిలో పుట్టినట్టు మాట్లాడుతున్నాడు.

“బావా, ఇది అచ్చం నీ గొంతే గదప్పా” అన్నాడు మా బావ.

అంతకు రెండు నెలల ముందు నేను మూత్రపిండంలో రాయి తీయించుకోవడానికి నాలుగు రోజులు చెన్నై వెళ్లి వచ్చాను. ఆ సంగతి పెద్దగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆ నాలుగు రోజులకు ఒక మంచి లెక్క దొరికింది.

“నా గొంతు గాక ఇంకెవురిది?” అన్నాను. “మద్రాసు పోయినప్పుడు ఇచ్చొచ్చినా.”

అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. అద్దాల గది ఎట్లుంటుందో, గొంతు బొంగురుగా రావడానికి మిరియాల కషాయం ఎన్ని గ్లాసులు తాగించారో, నేను పలికిన మొదటి మాటకే అద్దం అవతల కూర్చున్నవాళ్లు ఎట్లా అదిరిపడ్డారో, అన్నీ చెప్పాను. మా బావ నమ్మలేదు, కానీ సంతోషంగా విన్నాడు. మంచం మీద కూర్చుని జామకాయ ముక్కలు ఉప్పుకారంలో అద్దుకుని తింటున్న పాప తినడం ఆపింది.

“గొంతు ఆడ ఇచ్చేస్తే మరి నీకు యాడిది మామా?” అని అడిగింది.

నాకు రెండున్నాయని చెప్పాను. సరేనని మళ్లీ తినడం మొదలుపెట్టింది. ఆ సరే అన్న మొహం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. నేను చెప్పింది ఆమె నవ్వడానికి తీసుకోలేదు, దాచిపెట్టుకుంది.

పుట్టువెంట్రుకలకు సోమవారం పొద్దున అనుకున్నాం. శనివారమే వాళ్లు ముగ్గురూ మా ఇంటికి వచ్చేశారు. అదే రోజు మధ్యాహ్నం తిరుపతిలో ఆ సినిమా ఆడుతోంది. సంక్రాంతి సెలవులు, పిల్లలతో హాలు నిండిపోయింది. పాప నాకూ మా చెల్లెలికీ మధ్య కూర్చుంది. మొదట్లో మంచు, నదులు, మాట్లాడే కాకి. తెర మీద రంగులు మన మీద పోసినట్టు ఉన్నాయి. తరవాత ఏం జరుగుతుందో పాప ముందే నా చెవిలో చెబుతోంది. గురక ఎప్పుడొస్తుందని రెండుసార్లు అడిగింది. వస్తుందిలే అన్నాను. అది నేను కల్పించిందని నాకే గుర్తు లేదు.

తరవాత బండి వచ్చింది.

ట్రైలర్లో చూసింది దీని ముందు ఏమీ కాదు. పెద్ద తెర మీద ఆ ముసలాయన తాటిచెట్టంత ఉన్నాడు. టోపీ కింద మొహం ఉండాల్సిన చోట చీకటి. ఆయన నడుస్తుంటే బండిలో సీసాలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. ఒక్కో సీసాలో ఒక్కో బిడ్డ ఏడుపు, చెవి దగ్గర పెట్టుకుంటేనే వినబడేంత చిన్నగా. హాల్లో పిల్లలందరూ ఒక్కసారిగా గమ్మునైపోయారు. అప్పుడు గొంతు వచ్చింది. ముందు నుంచి కాదు. ఆ హాల్లో స్పీకర్లు నాలుగు వైపులా ఉంటాయి. గొంతు సరిగ్గా మా తలల వెనక నుంచి వచ్చింది.

“యాడికి పోతా ఉండావు పాపా. ఈడికి రా. గమ్మున రా.”

నా వీపు మీద ఎవరో చన్నీళ్లు పోసినట్టయింది. నేను రోజూ ఫోన్లో పాపను పిలిచే పిలుపది. అదే సాగదీత, ‘పాపా’ దగ్గర అదే విరుపు. నా గొంతు నన్ను వదిలిపెట్టి, ఎక్కడో తిరిగి, చెడిపోయి వచ్చి నా వెనక నిలబడినట్టుంది. వెనక్కి తిరిగి చూడాలనిపించింది గానీ ధైర్యం చాలలేదు.

పాప తెర వైపు చూడడం లేదు. మెల్లగా తల తిప్పి నా నోటి వైపు చూస్తోంది. పెదవులు కదులుతున్నాయా అని. నా ఖర్మకు అప్పుడు నేను పాప్‌కార్న్ నములుతున్నాను.

ఆమె కళ్లలోకి వచ్చినదాన్ని చెప్పడానికి నాకు చేతకాదు. ఇరవై ఏళ్లు యాత్రికులను భయపెట్టినవాణ్ణి. వాళ్ల భయం చివర ఎప్పుడూ ఒక నవ్వు ఉంటుంది, దాని కోసమే భయపడతారు. ఈ భయానికి చివర లేదు. పాప సీట్లోంచి జారి వాళ్లమ్మ ఒళ్లోకి ఎక్కి, రెండు చేతులతో తన నోరు మూసుకుంది. సినిమా అయ్యేదాకా నా నోటి మీద నుంచి చూపు తీయలేదు. నేను నమలడం మానేశాను. పాప్‌కార్న్ నోట్లోనే నానిపోయింది, మింగడానికి కూడా భయమే.

పుస్తకంలో చివరికి ముసలాయన గాజుగా మారి పగిలిపోతాడు. సినిమాలో పగల్లేదు. పిల్లల గొంతులన్నీ ఎగిరిపోయాక ఖాళీ బండి తోసుకుంటూ కొండ మలుపు తిరిగి వెళ్లిపోయాడు. రెండో భాగం కోసం వదిలిపెట్టారట. అంటే ఆయన ఎక్కడో ఒకచోట ఉన్నాడు. ఎక్కడున్నాడో పాపకు తెలుసు. ఆటోలో ఆమె ఎదురు సీట్లో ఉన్నాడు.

సినిమా ఎట్లుందని అడిగాను. పలకలేదు. పాపా అని పిలిచాను. చేతులు ఇంకా గట్టిగా బిగించుకుంది. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. పలికితే గొంతు పోతుంది. ఆ నియమం ఆమెకు వందసార్లు చెప్పింది నేనే.

ఆదివారం పొద్దునకు ఇంట్లో పరిస్థితి ఇదీ: నేను గదిలోకి వస్తే పాప గోడకు అతుక్కుపోతుంది. నేను బయటికి పోతే వాళ్లమ్మ చెవిలో మాట్లాడుతుంది. ఇడ్లీ తినడానికి నోరు తెరవాలి గనక నేనున్న చోట తినదు. ఒళ్లు వెచ్చబడింది. మా చెల్లెలు నా వైపు చూడకుండా, బిడ్డ నెత్తి నిమురుతూ, రేపు ఇది నీ ఒళ్లో ఎట్ల కూచుంటాది అన్నా అని ఒక్క మాట అంది.

నాకు అంతకంటే ముందే ఆ ఆలోచన వచ్చింది. లాడ్జిలో కూర్చుని గుండ్లు చేయించుకొచ్చిన పిల్లలను రోజూ చూస్తాను. గమ్మున కూర్చున్న బిడ్డ తల నున్నగా ఉంటుంది. ఉలిక్కిపడిన బిడ్డ తల మీద ఎర్రటి గీతలుంటాయి, పసుపు అద్ది ఉంటుంది. పనివాళ్ల తప్పు కాదది. బ్లేడు కింద తల ఎగిరితే ఎవరేం చేస్తారు? ఈ బిడ్డ ఎగరబోయేది కత్తికి భయపడి కాదు, పట్టుకున్న చేతులకు భయపడి. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత ఎగురుతుంది.

ముందు నిజం చెప్పి చూశాను. దూరంగా, గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని, అది నేను కాదని, మద్రాసులో గొంతు ఇవ్వలేదని, రాయి తీయించుకున్నానని, చెప్పిందంతా అబద్ధమని చెప్పాను. పాప వాళ్లమ్మ చెవిలో ఏదో అంది. ఏమంటోందని అడిగాను.

“సినిమాలో ముసలాయన గూడా అట్లనే చెప్పినాడంట” అంది మా చెల్లెలు. “నేను గాదు, నేను గాదు అని.”

నిజమే, చెప్పాడు. నేను భయంలో గమనించలేదు. ఆసుపత్రి స్కాన్ కాగితం తెచ్చి చూపించాను. చదవడం రాని బిడ్డకు అందులో కనబడింది నల్లటి బొమ్మ, మధ్యలో తెల్లటి చుక్క. వణికిపోయింది. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, ఇన్నేళ్లకు ఒక నిజం చెప్పావు, దానికీ వినేవాళ్లు లేరని అంది. ఎప్పుడూ నవ్వే మాటే. ఆ రోజు ఎవరం నవ్వలేదు.

ఎవరి ఒళ్లో అయితే ఏముంది, తండ్రిని నేను లేనా, నేను కూర్చోబెట్టుకుంటానని మా బావ అన్నాడు. మా చెల్లెలు ఒప్పుకోలేదు. ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

“దీన్ని అడుక్కోని తెచ్చుకున్నా” అంది. “అడుక్కునేటప్పుడు ఏమేం చెప్పినానో అన్నీ జ్ఞాపకం ఉండాయి. ఒక్కటి తప్పినా నాకు నిద్ర పట్టదు. రేపు దీనికి జ్వరం వస్తే, అందుకే వచ్చింది అనుకుంటా. పడిపోతే, అందుకే పడింది అనుకుంటా. బతికినన్నాళ్లూ అనుకుంటా ఉండాల.”

ఆ మధ్యాహ్నం నుంచి నేను నోరు మూసుకున్నాను. వేరే దారి తోచలేదు. భయం నా గొంతు వల్లే అయితే ఆ గొంతు వినబడకుండా పోవాలి. లాడ్జికి సెలవు చెప్పడానికి కూడా మా ఆవిడ చేతే ఫోన్ చేయించాను.

కానీ మాట్లాడని నేను ఆ బిడ్డకు ఇంకా భయంకరంగా ఉన్నాను. కథలో ముసలాయన పిలవబోయే ముందు ఇట్లాగే నిశ్శబ్దంగా నిలబడతాడు. ఆ సంగతి కూడా చెప్పింది నేనే. నవ్వి చూశాను, మొహం తిప్పుకుంది. నేను ఆ కథకు పెట్టిన చిన్న చిన్న మెరుగులన్నీ ఒక్కొక్కటిగా వచ్చి నన్నే కరుస్తున్నాయి.

సోమవారం తెల్లవారి బస్సులో కొండకు పోయాం. పాపకు జ్వరం తగ్గింది గానీ మాట రాలేదు. కల్యాణకట్టలో వరస తొందరగానే కదిలింది. నేను తువ్వాలు పరుచుకుని కూర్చున్నాను. మా చెల్లెలు బిడ్డను ఎత్తి నా ఒళ్లో పెట్టింది. పెట్టిందో లేదో ఆ చిన్న ఒళ్లు చెక్కలా బిగుసుకుపోయింది. అరవలేదు. అరిస్తే గొంతు బయటికొస్తుంది గదా. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఊపిరి బిగపట్టి, కళ్లు పైకి తేలేసింది. గుండె నా అరచేతికి తగులుతోంది. పిట్టను పట్టుకుంటే తగులుతుందే, అట్లా. ఆ గుండె ఆగిపోతుందేమోనని నేను చేతులు వదిలేశాను.

తల తడుపుతున్న నాయీబ్రాహ్మణ స్త్రీ నాకంటే పెద్దది. బిడ్డను చూసి, నన్ను చూసి, బ్లేడు కింద పెట్టేసింది.

“ఇట్ల ఉంటే నేను చెయ్యి పెట్టనప్పా” అంది. “బయట రొంతసేపు కూచోని, నెమ్మదించినాక తీసుకోని రాండి.”

బయట గోడ వారన కూర్చున్నాం. చలిగా ఉంది, మంచు కొండ మీంచి ఇంకా పోలేదు. నాలుగు వైపులా గోవిందా గోవిందా అంటూ జనం పోతున్నారు. మా చెల్లెలు ఏడవడం లేదు. కొంగు చివర వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. బిడ్డకు దాహమవుతుందేమోనని మా బావ పోయి నీళ్లు తెచ్చాడు.

కొండ మీద ప్లాస్టిక్ సీసాలు ఉండవు. నీళ్లు గాజు సీసాలో ఇస్తారు. మా బావ పాపం ఏమీ ఆలోచించకుండా తెల్లటి గాజు సీసా ఊపుకుంటూ వచ్చాడు. అది పొద్దుటి వెలుతురుకు మెరిసింది. నేను చెయ్యెత్తి వద్దు వద్దని సైగ చేశాను. పాప నా చెయ్యి చూసింది, అది చూపిస్తున్న వైపు చూసింది, సీసాను చూసింది. వాళ్లమ్మ చీరలోకి దూరిపోయింది. ఇక అయిపోయింది అనుకున్నాను. మొక్కూ పోయింది, బిడ్డా పోయింది. ఈ జన్మలో ఆమె నా ఎదుట నోరు తెరవదు. పెద్దయ్యాక ఎందుకో గుర్తుండదు, భయం మాత్రం ఉంటుంది.

మా చెల్లెలు విసుగుతో మూత తీసి తాగు అంది. తాగలేదు. చీర మడతలోంచి ఒక కన్ను సీసాను చూస్తోంది. చాలాసేపు చూసింది. తరవాత అమ్మ చెవి లాక్కుని ఏదో చెప్పింది. మా చెల్లెలు అర్థం కానట్టు మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పింది.

“నీళ్లు పారబోసి ఇమ్మంటా ఉండాది” అంది మా చెల్లెలు నాతో. “నీ గొంతు దాంట్లో పెట్టాలంట. అంతా. రెండోది గూడా.”

నేను నీళ్లు చెట్టు మొదట్లో పోశాను. సీసా నోటికి ఆనించుకున్నాను. జీవితంలో మొదటిసారి ఏం చెప్పాలో తెలియలేదు. వచ్చిందే చెప్పాను, గుసగుసగా. మద్రాసు అబద్ధం. చిరుత అబద్ధం, మోకాళ్లు నొప్పి. నేనూ భయపడ్డాను పాపా, ఆ హాల్లో నాకూ వెనక్కి తిరిగి చూడాలంటే భయమేసింది. ఈ పొద్దు ఇంకా భయంగా ఉంది. ఇంకా ఏవేవో చెప్పాను, అవి సీసాకే తెలుసు. చెప్పి చెప్పి ఊపిరి అయిపోయి సీసా దించి చూస్తే, చలికి లోపలంతా తెల్లగా ఆవిరి పట్టి ఉంది.

పాప చీర మడతలోంచి బయటికి వచ్చింది. అది చూసింది. ఆవిరి కాదది ఆమెకు. చటుక్కున సీసా లాక్కుని మూత పెట్టి తిప్పింది. వాళ్ల నాయన దగ్గరికి తీసుకుపోయి ఇంకా గట్టిగా తిప్పించింది. తిరిగి వచ్చి, నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి, నోటి మీంచి చేతులు తీసింది.

“మామా” అని పిలిచింది.

రెండు రోజుల తరవాత విన్న పిలుపు. ‘ఊఁ’ అని నాలుక దాకా వచ్చేసింది. పళ్లు బిగించాను. ఆమె నన్ను చూడడం లేదు, నా గొంతు ముడి కదులుతుందా అని చూస్తోంది. మళ్లీ పిలిచింది. మూడోసారి కొంచెం దగ్గరికొచ్చి, మెల్లగా, మోసం చేసినట్టు పిలిచింది. నేను పలకలేదు. కళ్లలోంచి నీళ్లు కారాయి, అవి పలుకులో లెక్కకు రాలేదు.

సీసా చంకలో పెట్టుకుని, తనంతట తానే వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

లోపల ఆ పెద్దావిడ మళ్లీ తల తడిపింది. పాప నా ఒళ్లో, సీసా పాప ఒళ్లో. ఇక నా వంతు వచ్చింది భయపడడానికి. బ్లేడు నడినెత్తి నుంచి నుదుటి మీదికి దిగుతోంది. ఐదేళ్ల జుట్టు తడితడిగా నా ముంజేతుల మీద పడుతోంది. కదలకు తల్లీ అని చెప్పడానికి లేదు. గోవిందా అనడానికి లేదు. గాజు సీసా జారి పగిలితే ఏమవుతుందో ఊహించడానికే లేదు. చుట్టూ నలభై మంది మాట్లాడుతున్నారు. నేనొక్కణ్ణే మూత కింద ఉన్నాను. సీసాల్లో ఉన్న పిల్లలకు ఎట్లుంటుందో ఆ కథ ఇన్నిసార్లు చెప్పినా ఎప్పుడూ ఆలోచించలేదు.

బ్లేడు చెవి పైకి వచ్చినప్పుడు ఒక వెంట్రుకల పాయ జారి పాప ముక్కు మీద పడింది. పాప ముక్కు ముడుచుకుంది. నోరు కొంచెం తెరిచింది. కళ్లు మూతలు పడుతున్నాయి. తుమ్ము వస్తోంది. ఆ పెద్దావిడ వెనక వైపు ఉంది, ఆమెకు మొహం కనబడదు. ఒక్క మాట చాలు. ఆగమ్మా అంటే చాలు. ఆ మాట నా దగ్గర లేదు. నేను పలికితే పాప ఎగిరిపడుతుంది, బ్లేడు చెవి మీదే ఉంది.

నేను పెద్దావిడ ముంజెయ్యి పట్టుకున్నాను. బ్లేడుతో సహా, గట్టిగా.

ఆమె కోపంగా ఏందప్పా అనబోయింది. పాప తుమ్మింది. ఒళ్లంతా అదిరేలా, తల ముందుకు విసిరేసి తుమ్మింది. బ్లేడు గాల్లో, నా చేతిలో ఇరుక్కున్న చేతిలో, పాప చెవికి బెత్తెడు దూరంలో ఉంది. పెద్దావిడ బిడ్డను చూసింది, నన్ను చూసింది.

“మాట రాదా పాపం?” అని మా చెల్లెల్ని అడిగింది.

మా చెల్లెలు తల ఊపింది. పాప తల పైకెత్తి నా మొహాన్ని కింద నుంచి చూసింది. వీపు నా కడుపుకు ఆనించి, సర్దుకుని కూర్చుంది. మిగిలిన సగం తల అయ్యేదాకా ఆ బరువు కదల్లేదు.

గంధం పూసి, దర్శనం చేసుకుని, కిందికి పోయే బస్సెక్కేసరికి ఎండ ముదిరింది. సీసా అంగట్లో తిరిగి ఇచ్చేయాలని మా బావ చెయ్యి చాపితే పాప ఇవ్వలేదు. నా పక్కన కిటికీ దగ్గర కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. గుండు మీద గంధం ఆరి పగుళ్లు తేలింది. నేను ఇంకా మూత కిందే ఉన్నాను. ఎన్నాళ్లు ఉండాలో అడగడానికి నోరు లేదు.

ఘాట్ రోడ్డు సగం దిగాక పాప సీసా ఎత్తి వెలుతురుకు పట్టుకుంది. దించింది. మళ్లీ ఎత్తింది. ఊపి చూసింది. ఎండ వేడికి లోపలి ఆవిరి ఆరిపోయింది. సీసా శుభ్రంగా, ఖాళీగా ఉంది.

పాప మొహంలోకి ఆ శనివారం నాటి భయం మళ్లీ రావడం చూశాను. కానీ ఈసారి అది నన్ను చూసి కాదు. నా కోసం.

“మా, మామ గొంతు అయిపాయ” అంది, వాళ్లమ్మతో, గట్టిగా, బస్సులో అందరికీ వినబడేలా. పెదవి వణుకుతోంది. “మూత పెట్టినా గూడా అయిపాయ.”

నేను మాట్లాడొచ్చు. ఒక్క మాటతో ఆ ఏడుపు ఆపొచ్చు. మాట్లాడలేదు. మూత ఆమెది. సీసా వైపు చూపించి, నా నోటి వైపు చూపించాను. ఆమె రెండు చేతులతో తిప్పింది. వాళ్ల నాయన బిగించిన మూత, కదల్లేదు. పళ్లతో కొరికింది. చివరికి నేనూ చెయ్యేశాను, ఇద్దరం కలిసి తిప్పితే వచ్చింది.

“తాగు మామా. బిరీన తాగు.”

ఖాళీ సీసా ఎత్తి, అడుగున ఏమైనా మిగిలిందేమో అన్నట్టు మొత్తం తాగాను. బస్సు మలుపు తిరిగింది. పాప నా గొంతు ముడి మీద వేలు పెట్టి కాచుకుని ఉంది. ముందురోజు మధ్యాహ్నం నుంచి గుసగుసకు తప్ప వాడని గొంతు. పైగా నిజంగా భయమేసింది, రాదేమోనని. ఇది మాత్రం నా కథల్లో కలపకండి.

“పాపా” అన్నాను. బొంగురుగా, సన్నగా వచ్చింది. అచ్చం ఆ ముసలాయన గొంతులాగే వచ్చింది, ఏం చేయను, నాకున్నది అదే.

ఆమె నా నోటి వైపు చూసింది. సీసా వైపు చూసింది. మూత నా చేతిలో ఉంది. తీసుకుని తన గుప్పిట్లో పెట్టుకుంది.

“ఊఁ” అంది.